యూనిట్ – 9 : డచ్ ఓవెన్ – నిర్మాణం, పనిచేసే విధానం, వినియోగం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు :
• డచ్ ఓవెన్ అంటే ఏమిటో, దాని రకాలేమిటో చెప్పగలుగుతారు.
• పోత ఇనుము వేడిని నిలుపుకోవడానికి కారణాన్ని లెక్కతో వివరించగలుగుతారు.
• వండే పదార్థాన్ని బట్టి తగిన పాత్రను ఎంచుకోగలుగుతారు.
• ఈ పాత్రను వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను తెలుపగలుగుతారు.

9.1 పరిచయం

గత యూనిట్‌లో తడి వేడి, పొడి వేడి పద్ధతులను గురించి తెలుసుకున్నారు. ఈ రెండు పద్ధతులకూ ఉపయోగపడే పాత్ర డచ్ ఓవెన్. పేరులో ఓవెన్ అని ఉన్నా ఇది విద్యుత్ పరికరం కాదు. మందమైన గోడలు, బరువైన మూత గల పోత ఇనుప గిన్నె. కింద మంట పెడితే కూర ఉడుకుతుంది. మూత మీద కూడా నిప్పులు పోస్తే రొట్టె కాలుతుంది. అంటే పొయ్యి మీది గిన్నే ఓవెన్‌గా మారుతుంది.

9.2 చారిత్రక నేపథ్యం

17వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లో ఇత్తడి పాత్రలను పొడి ఇసుక అచ్చులలో పోతపోసేవారు. ఇసుక అచ్చులో పోసిన పాత్ర ఉపరితలం నునుపుగా వచ్చేది. ఇంగ్లండ్‌కు చెందిన అబ్రహాం డార్బీ ఈ విధానాన్ని చవకైన ఇనుముకు అన్వయించి, 1707లో పేటెంట్ పొందాడు. డచ్ ఓవెన్ అనే పేరుకు సాధారణంగా చెప్పే కారణం ఇదే. అమెరికాకు వలస వెళ్ళినవారు ఈ పాత్రను తమ వెంట తీసుకొనిపోయారు. ఇటుక పొయ్యి కట్టుకోవడానికి వీలులేని ప్రయాణాలలో కూర, రొట్టె రెండింటికీ ఇదొక్కటే చాలేది. 1997లో యూటా రాష్ట్రం దీనిని తమ అధికారిక వంటపాత్రగా ప్రకటించింది.

9.3 రకాలు

అ) ఆరుబయట వాడేది : దీనికి అడుగున మూడు పొట్టి కాళ్ళు ఉంటాయి. వాటి వల్ల కింద నిప్పులు పరచడానికి చోటు దొరుకుతుంది. మూత బల్లపరుపుగా ఉండి, చుట్టూ అంచు లేచి ఉంటుంది. పైన పెట్టిన నిప్పులు జారిపడకుండా ఈ అంచు ఆపుతుంది.

ఆ) వంటింట్లో వాడేది : అడుగు చదునుగా, మూత గుండ్రంగా ఉంటుంది. వీటిలో చాలావాటికి ఎనామెల్ పూత, అంటే గాజు వంటి పదార్థాన్ని అధిక ఉష్ణోగ్రత వద్ద ఇనుముపై కరిగించి వేసిన పూత, ఉంటుంది.

9.4 పనిచేసే విధానం

పోత ఇనుము వేడిని చక్కగా వ్యాపింపజేస్తుందని చాలామంది అనుకుంటారు. ఇది సరికాదు. దాని ఉష్ణవాహకత్వం శుద్ధ అల్యూమినియంలో నాలుగో వంతు కూడా ఉండదు. దాని విశిష్టోష్ణం కూడా తక్కువే : గ్రాముకు డిగ్రీకి సుమారు 0.46 జౌళ్ళు. అల్యూమినియంకు ఇది 0.90 జౌళ్ళు. మరి పోత ఇనుప పాత్ర అంతసేపు వేడిగా ఎలా ఉంటుంది? సమాధానం దాని బరువులో ఉంది.

ఉదాహరణ : 5 కిలోల పోత ఇనుప పాత్రను 30 నుండి 180 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే అది నిలువచేసుకునే ఉష్ణం
5000 × 0.46 × 150 = 3,45,000 జౌళ్ళు, అంటే 345 కిలోజౌళ్ళు.

అదే పరిమాణం, అదే మందం గల అల్యూమినియం పాత్ర బరువు సుమారు 1.875 కిలోలు మాత్రమే. ఎందుకంటే ఘనసెంటీమీటరుకు ఇనుము సాంద్రత 7.2 గ్రాములు కాగా అల్యూమినియంది 2.7 గ్రాములు. అది నిలువచేసుకునే ఉష్ణం
1875 × 0.90 × 150 = సుమారు 253 కిలోజౌళ్ళు.

పైగా మనం రోజూ వాడే అల్యూమినియం గిన్నెలు ఇంత మందంగా ఉండవు కాబట్టి వాస్తవంలో తేడా ఇంకా ఎక్కువ. అందువల్లనే చల్లని మాంసం వేసినా ఇనుప పాత్ర ఉష్ణోగ్రత అంతగా పడిపోదు.

బరువైన మూత ఆవిరిని చాలావరకు లోపలే ఉంచుతుంది. అయితే ఇది ప్రెషర్ కుక్కర్ కాదు. లోపల పీడనం చెప్పుకోదగినంత పెరగదు కనుక నీరు సుమారు 100 డిగ్రీల వద్దనే మరుగుతుంది. అందుకే గట్టి మాంసం మెత్తబడటానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ సమయంలో మాంసంలోని కొల్లాజెన్ నెమ్మదిగా జెలటిన్‌గా మారి పులుసును చిక్కబరుస్తుంది.

9.5 దమ్ పద్ధతితో పోలిక

హైదరాబాదీ బిర్యానీ వండేటప్పుడు మూత అంచుకు పిండిముద్ద అంటించి, కింద సెగ తగ్గించి, మూతపై నిప్పులు పోయడం మీరు చూసే ఉంటారు. రెండు వైపుల నుండి వేడి అందించడం, ఆవిరిని బంధించడం ఈ రెండు పద్ధతులకూ సమానం. దమ్‌లో పిండి చేసే పనిని డచ్ ఓవెన్‌లో మూత బరువు కొంతవరకు చేస్తుంది.

9.6 వినియోగం

1. కూరలు, మాంసం : మొదట నూనెలో ముక్కలను ఎర్రగా వేయించి, కొద్దిగా నీరు పోసి, మూతపెట్టి సన్నని సెగపై ఉడికించాలి.

2. రొట్టె : ఖాళీ పాత్రను ఓవెన్‌లో సుమారు 230 డిగ్రీలకు వేడిచేసి, పులిసిన పిండిని అందులో ఉంచి మూతపెట్టాలి. పిండి నుండి వచ్చే ఆవిరి పైపొరను తడిగా ఉంచడం వల్ల రొట్టె బాగా పొంగుతుంది. చివరి 15–20 నిమిషాలు మూత తీస్తే పైపొర కరకరలాడుతుంది. ఎనామెల్ పాత్రనూ మూత పిడినీ ఇంత వేడికి, ఖాళీగా వేడిచేయడానికి, వాడవచ్చునో లేదో ముందుగా తయారీదారు సూచనలలో చూడాలి.

3. ఆరుబయట : 12 అంగుళాల పాత్రకు మూతపై 15, అడుగున 9 బొగ్గు బిళ్ళలు పెడితే లోపల సుమారు 160–175 డిగ్రీలు ఉంటుందని అనుభవజ్ఞుల లెక్క. గాలి, చలి వల్ల ఇది మారుతుంది. కాల్చే వంటకానికి పైన ఎక్కువ నిప్పులు కావాలి. అడుగున ఎక్కువైతే పైభాగం కాలకముందే అడుగు మాడుతుంది.

9.7 జాగ్రత్తలు

• బొగ్గు మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దీనికి రంగు, వాసన లేవు కనుక ప్రమాదాన్ని గుర్తించేలోపే మనిషి స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. బొగ్గుతో వంట ఆరుబయటే చేయాలి. వాన వచ్చినా నిప్పులను గదిలోకి, గుడారంలోకి తేరాదు.
• వేడి పాత్రపై చన్నీళ్ళు పోయరాదు. పోత ఇనుము పెళుసైన లోహం. హఠాత్తుగా కుంచించుకొని పగులుతుంది.
• పూత లేని పాత్రలో చింతపండు పులుసు, టమాటా కూర ఎక్కువసేపు ఉంచరాదు. ఆమ్లం ఇనుమును కరిగించి లోహపు రుచినిస్తుంది. ఇలాంటి వంటకాలకు ఎనామెల్ పాత్ర తగినది.
• పూత లేని పాత్రను కడిగిన వెంటనే తుడిచి, వేడిచేసి, పలుచగా నూనె రాయాలి. వేడికి నూనె గట్టిపడి ఏర్పడే పొరే తుప్పును, అంటుకోవడాన్ని నివారిస్తుంది. ఇంట్లోని ఇనుప దోసె పెనానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.
• ఎనామెల్ పాత్రను ఇనుప పీచుతో తోమరాదు.

9.8 సారాంశం

డచ్ ఓవెన్ ప్రత్యేకత దాని మందం, బరువు, మూతలలో ఉంది. అది ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది. నిదానంగా వండవలసిన పదార్థాలకు ఈ గుణం అనుకూలం. త్వరగా ముగించవలసిన వంటలకు కుక్కరే మేలు.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. విశిష్టోష్ణం తక్కువైనా పోత ఇనుప పాత్ర ఎక్కువ ఉష్ణాన్ని ఎందుకు నిలువచేసుకుంటుంది?
2. డచ్ ఓవెన్‌కు, ప్రెషర్ కుక్కర్‌కు గల భేదాన్ని తెలపండి.
3. 3 కిలోల పోత ఇనుప పాత్రను 30 నుండి 130 డిగ్రీలకు వేడిచేయడానికి ఎంత ఉష్ణం కావాలి? (జవాబు : 138 కిలోజౌళ్ళు)