మన ఇంట్లోనే కసరత్తు సామాను



సంఘం మీటింగుకు పోయినప్పుడు ఒకసారి చూడండి. మీటింగు అయిపోతుంది. అందరూ చాప మీద నుంచి లేస్తారు. చిన్న పిల్లలు చటుక్కున లేస్తారు. 40 ఏండ్లు దాటిన అక్కలు ఎట్లా లేస్తారు? ఒక చెయ్యి నేలకు ఆనిస్తారు. ఇంకో చెయ్యి మోకాలి మీద పెడతారు. "అమ్మో!" అంటూ లేస్తారు.

"వయసు మీద పడ్డది. ఇంకేం చేస్తం?" అంటారు.

వయసు ఒక్కటే కారణం కాదు. కండల్లో బలం తగ్గడం కూడా కారణమే. తగ్గిన బలాన్ని మళ్లీ పెంచుకోవచ్చు. 60 ఏండ్లు దాటినా పెంచుకోవచ్చు. పట్నంలో ఇందుకోసం జిమ్ములు ఉంటాయి. నెల నెలా ఫీజు కట్టి పోతారు. మనకు ఆ ఫీజు అక్కర లేదు. ఇంట్లో ఉన్న వస్తువులతోనే కసరత్తు సామాను తయారు చేసుకోవచ్చు. ఎట్లాగో చదువుదాం.

పొద్దంత పని చేస్తలేమా?

"పొద్దంత పని చేస్తనే ఉంటం. మళ్ల కసరత్తు ఎందుకు?" అని ఎవరైనా అడుగుతారు. అడగవలసిన మాటే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మనం చేసే పని ఏమిటి? వరి నాట్లు వేస్తాం. కలుపు తీస్తాం. పత్తి ఏరుతాం. మిరపకాయలు ఏరుతాం. ఎక్కువ పని వంగి చేసేదే. గంటల తరబడి ముందుకు వంగే ఉంటాం. దాంతో నడుము పట్టేస్తుంది. కొన్ని కండలు అలిసిపోతాయి. ఇంకొన్ని కండలకు పనే దొరకదు.

మన అమ్మమ్మలు రోకలితో వడ్లు దంచేవాళ్లు. తిరగలితో జొన్నలు విసిరేవాళ్లు. చేదబావిలో నీళ్లు తోడేవాళ్లు. ఇప్పుడు మిల్లు వచ్చింది. మిక్సీ వచ్చింది. నల్లా వచ్చింది. ఆ కష్టం పోయింది. అది మంచిదే. కానీ చేతులకు, భుజాలకు, వీపుకు దొరికే సాము కూడా దాంతోనే పోయింది.

ఇంకో తేడా కూడా ఉంది. కూలి పనిలో ఎంత మొయ్యాలో మన చేతిలో ఉండదు. ఎప్పుడు ఆగాలో మన చేతిలో ఉండదు. కసరత్తులో అట్లా కాదు. ఎంత బరువు ఎత్తాలో మనమే అనుకుంటాం. ఎప్పుడు ఆపాలో మనమే అనుకుంటాం. మెల్లగా చేస్తాం. మధ్యలో సేద తీరుతాం. అందుకే పని ఒంటిని అలిసేటట్టు చేస్తుంది. కసరత్తు ఒంటికి బలం ఇస్తుంది.

ఆడవాళ్లకు ఇది మరీ అవసరం

ముట్టు ఆగిపోయిన తరువాత ఆడవాళ్ల ఎముకలు తొందరగా పలచబడతాయి. కొందరికి చిన్న వయసులోనే ఆపరేషన్ చేసి గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తారు. వాళ్లకు ఈ ముప్పు ఇంకా ముందే వస్తుంది. ఎముక పలచబడితే బాత్రూంలో జారి పడ్డా మణికట్టు విరగవచ్చు. తుంటి విరగవచ్చు. తుంటి విరిగితే నెలల తరబడి మంచం మీదే. కూలి పోతుంది. చాకిరీ చేసే మనిషి కావాలి. దవాఖాన ఖర్చు అప్పు అవుతుంది.

బరువులతో కసరత్తు చేస్తే ఎముకలకు కూడా మేలు. కాళ్లలో పట్టు ఉంటే జారి పడడం తగ్గుతుంది. షుగరు ఉన్నవాళ్లకు కూడా మంచిది. కండ పని చేసేటప్పుడు రక్తంలో ఉన్న చక్కెరను వాడుకుంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒక సలహా ఇచ్చింది. పెద్దవాళ్లు వారంలో కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవడం లాంటి పని చెయ్యాలి. దాంతో పాటు వారంలో 2 రోజులైనా కండలకు బలం ఇచ్చే కసరత్తు చెయ్యాలి. మనలో చాలామందికి నడక ఉంది. రెండోదే లేదు.

"ఆడోళ్లు బరువులు ఎత్తుడేంది?"

కొందరు ఇట్లా నవ్వుతారు. వాళ్లకు కరణం మల్లీశ్వరి సంగతి చెప్పండి.

ఆమెది శ్రీకాకుళం జిల్లా. ఊరు ఊసవానిపేట. చిన్నప్పుడే బరువులు ఎత్తడం మొదలు పెట్టింది. నీలంశెట్టి అప్పన్న అనే గురువు ఆమెకు నేర్పించాడు. 1994లో, 1995లో ప్రపంచ పోటీల్లో గెలిచింది. 2000లో సిడ్నీలో ఒలింపిక్స్ ఆటలు జరిగాయి. అక్కడ ఆమె ఒక ఎత్తులో 110 కిలోలు ఎత్తింది. ఇంకో ఎత్తులో 130 కిలోలు ఎత్తింది. రెండూ కలిపితే 240 కిలోలు! కంచు పతకం తెచ్చింది. మన దేశం నుంచి ఒలింపిక్స్ పతకం గెలిచిన మొదటి ఆడమనిషి ఆమే.

మనం పతకం కోసం ఎత్తడం లేదు. మన బిందె మనం ఎత్తుకోవాలి. మన మనుమడిని మనం ఎత్తుకోవాలి. ఒకరి చెయ్యి పట్టకుండా లేవాలి. అందుకోసం 1 కిలోతో మొదలు పెడదాం.

సామాను తయారు చేద్దాం

జిమ్ములో ఇనుప బరువులు ఉంటాయి. అయినా మన కండకు ఇనుము అని, ఇసుక అని తేడా తెలియదు. బరువు ఒక్కటే తెలుస్తుంది.

1. నీళ్ల సీసాలు
తాగి పారేసిన లీటరు సీసాలు 2 తీసుకోండి. నిండా నీళ్లు పోసి మూత బిగించండి. లీటరు నీళ్లు అంటే 1 కిలో బరువు. అది బరువు అనిపిస్తే అర లీటరు సీసాలతో మొదలు పెట్టండి. కొన్నాళ్లకు నీళ్లు తేలిక అనిపిస్తాయి. అప్పుడు లీటరు సీసాలో పొడి ఇసుక నింపండి. సుమారు కిలోన్నర అవుతుంది.

2. ఇసుక మూట
పాత జీన్సు ప్యాంటు కాలు మంచి గట్టి గుడ్డ. మోకాలి దగ్గర కత్తిరించండి. ఒక వైపు దబ్బనంతో రెండు వరుసలు కుట్టండి. ఇసుకను ఎండలో ఆరబెట్టి జల్లించండి. రెండు పాలిథిన్ కవర్లు ఒకదానిలో ఒకటి పెట్టి అందులో ఇసుక పొయ్యండి. మూతి కట్టి గుడ్డ సంచిలో పెట్టండి. నిండా నింపకండి. పావు వంతు ఖాళీ ఉంచండి. అప్పుడే చేతికి పట్టు దొరుకుతుంది. పైన సుతిలితో గట్టిగా కట్టండి. కిరాణా దుకాణంలో కాంటా మీద పెట్టి తూయించండి. మొదట 3 కిలోల మూట చాలు. తరువాత 5 కిలోలది చేసుకోవచ్చు. మూట మీద బరువు మీ చేత్తోనే రాయండి.

ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ఎరువుల బస్తాలు వాడకండి. పురుగు మందు డబ్బాలు అసలే వాడకండి. ఎంత కడిగినా అందులో విషం మిగిలే ఉంటుంది.

3. కాలి బరువు
పాత లుంగీ గుడ్డతో పొడుగు సంచులు 2 కుట్టండి. వెడల్పు బెత్తెడు ఉండాలి. పొడుగు మడమ పైన కాలి చుట్టూ వచ్చేటంత ఉండాలి. ఒక్కో దానిలో అర కిలో ఇసుక పొయ్యండి. మధ్యలో రెండు చోట్ల అడ్డంగా కుట్టండి. అప్పుడు ఇసుక అంతా ఒక పక్కకు జారదు. రెండు చివర్లకు నాడాలు కుట్టండి.

4. సైకిల్ ట్యూబు
పంక్చరు దుకాణంలో పాత ట్యూబు అడగండి. గాలి ఎక్కించే భాగాన్ని కత్తిరించి తీసెయ్యండి. సబ్బుతో కడగండి. సాగదీసి చూడండి. పగుళ్లు కనబడితే పారెయ్యండి. తెగితే మొహానికి కొడుతుంది. మంచి ట్యూబును వాకిట్లో గట్టి స్తంభానికి ఛాతీ ఎత్తున కట్టండి.

5. రోకలి
మూలన ఉన్న రోకలిని బయటికి తియ్యండి. దాన్ని కూడా తూచండి. పొన్ను ఉన్న వైపు బరువు ఎక్కువ. అందుకే సగం సార్లు పొన్ను కుడి పక్కకు, సగం సార్లు ఎడమ పక్కకు పెట్టుకోండి.

ఎట్లా చెయ్యాలి?

ముందు 5 నిమిషాలు అటూ ఇటూ నడవండి. చేతులు తిప్పండి. ఒళ్లు వేడెక్కాలి. చీర కాళ్లకు అడ్డం పడకుండా కుచ్చిళ్లు ఎగదోపండి. తడి నేల మీద చెయ్యకండి.

లేవడం, కూర్చోవడం: గట్టి కుర్చీని గోడకు ఆనించండి. మెల్లగా కూర్చోండి. చేతులు ఆనించకుండా లేవండి. అలవాటు అయిన తరువాత ఇసుక మూటను రొమ్ముకు హత్తుకొని చెయ్యండి.

మోకాలి కసరత్తు: కుర్చీ మీద కూర్చోండి. కాలి బరువు కట్టుకోండి. కాలు ముందుకు నిటారుగా చాపండి. 5 లెక్క పెట్టండి. మెల్లగా దించండి. తొడ ముందు ఉన్న కండ మోకాలికి ఆసరా. అది గట్టిపడితే మోకాలి నొప్పి చాలామందికి తగ్గుతుంది.

వీపు కసరత్తు: స్తంభానికి ఎదురుగా నిలబడండి. ట్యూబు రెండు కొసలు పట్టుకోండి. మోచేతులు వెనక్కి పోయేటట్టు లాగండి. మెల్లగా వదలండి. పొద్దంత ముందుకు వంగిన వీపుకు ఇది ఎదురు పని.

భుజాల కసరత్తు: చెరో చేతిలో సీసా పట్టుకోండి. భుజం దగ్గర నుంచి పైకి ఎత్తండి. మెల్లగా దించండి.

చేతుల కసరత్తు: రోకలిని రెండు చేతులతో అడ్డంగా పట్టుకోండి. తొడల దగ్గర నుంచి రొమ్ము దాకా ఎత్తండి. నడుము వంచకండి.

ఒక్కోటి 8 సార్లు చెయ్యండి. కొంచెం సేద తీరండి. మళ్లీ 8 సార్లు చెయ్యండి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. ఊపిరి బిగబట్టకండి. వారంలో 2 రోజులు చాలు. ఆ రెండు రోజుల మధ్య ఒకటి రెండు రోజులు ఎడం ఇవ్వండి. కండకు బలం సేద తీరేటప్పుడే పెరుగుతుంది. 12 సార్లు సులువుగా చెయ్యగలిగితే అప్పుడు బరువు కొంచెం పెంచండి. నాట్ల రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో తగ్గించుకోండి. పూర్తిగా మానకండి.

జాగ్రత్త

గర్భంతో ఉన్నవాళ్లు, కొత్త బాలింతలు ముందు డాక్టరును అడగాలి. గుండె జబ్బు, ఎక్కువ బీపీ ఉన్నవాళ్లు కూడా అడగాలి. గర్భసంచి జారినవాళ్లు, ఈ మధ్య కడుపు ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరు చెప్పకుండా బరువు ఎత్తకూడదు. ఈ సంగతి చెప్పడానికి సిగ్గు పడకండి. ఊరి ఆశా కార్యకర్తకు చెప్పండి. ఆమె దవాఖానకు తీసుకుపోతుంది.

మరునాడు కండలు కొంచెం లాగుతాయి. దానికి భయపడకండి. రొమ్ములో నొప్పి, కళ్లు తిరగడం, కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే వెంటనే ఆపండి. దవాఖానకు పోండి.

తిండి లేకపోతే కండ పెరగదు. ఇంట్లో అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినే అలవాటు మానాలి. పప్పు, గుడ్డు, పల్లీలు మన పళ్లెంలో కూడా ఉండాలి.

మన చదువు ఇక్కడ పనికొస్తుంది

ఒక నోటు బుక్కు పెట్టుకోండి. ఇట్లా రాయండి:

తేదీ – జూన్ 5. కసరత్తు – సీసాలు ఎత్తడం. బరువు – 1 కిలో. ఎన్నిసార్లు – 8.

నెల తరువాత మొదటి పేజీ తీసి చదవండి. 8 ఉన్నచోట 12 కనబడుతుంది. అర కిలో ఉన్నచోట 1 కిలో కనబడుతుంది. ఎవరూ మెచ్చుకోకపోయినా మీ రాత మీకు చెబుతుంది. బలం ఎంత పెరిగిందో మీరే చదువుకుంటారు.

ఒక్కరే చేస్తే నాలుగు రోజులకు మానేస్తారు. ఇద్దరు ముగ్గురు కలిసి చెయ్యండి. ఒకరి వాకిట్లో కలవండి. ఒకరు చేస్తుంటే ఇంకొకరు లెక్క పెట్టండి.

మాట్లాడుకుందాం

1. మీ సంఘంలో మోకాళ్ల నొప్పులు ఎంతమందికి ఉన్నాయి? నడుము నొప్పి ఎంతమందికి ఉంది?
2. మీరు చేసే పనిలో ఎక్కువ సేపు వంగి చేసేది ఏది?
3. ఎరువుల బస్తాలు, మందు డబ్బాలు ఎందుకు వాడకూడదు?

రాద్దాం

1. మీ ఇంట్లో కసరత్తుకు పనికొచ్చే వస్తువుల పేర్లు 5 రాయండి.
2. మీ రోకలి బరువు ఎంత? తూచి రాయండి.