తూములు మారితే లస్కరుకు తిప్పలు

కాలువ చివరి చేలకు నీరందకపోతే పైన ఎవరెంత మళ్ళించుకున్నారో చెప్పవలసినవాడు లస్కరు. కంప్యూటర్లకూ అటువంటి లస్కరు ఒకటుంది. దాని పేరు ‘ఎన్.ఎఫ్.ఎస్. వాచ్’.

ఒక పెద్ద కంప్యూటర్‌లోని ఫైళ్ళను తీగ ద్వారా అనేక కంప్యూటర్లు తమవిగానే వాడుకొనే ‘నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్’ను అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో రూపొందించింది. అందరూ ఒక్కసారే అడిగితే పని కుంటుపడుతుంది. ఎక్కువ లాగుతున్నదెవరో తెలియకపోతే నింద పెద్ద కంప్యూటర్ మీదికే పోతుంది.

ఆ లెక్క తేల్చడానికి డేవిడ్ కర్రీ, జెఫ్రీ మోగల్ అనే ఇద్దరు ఈ ప్రోగ్రాము వ్రాశారు. చదివినవెన్ని, వ్రాసినవెన్ని, అడిగినదెవరు అన్నది తీగ మీద పోయే సమాచారాన్ని గమనించి తెర మీద చూపుతుంది.

వ్రాయడం ఒక ఎత్తు, కాపాడుకోవడం మరో ఎత్తు. యూనిక్స్ పేరొకటే గాని కంపెనీకొక రకం. తీగ మీది సమాచారం అందుకునే తూము సన్ ఓ.ఎస్. 4లో ‘నిట్’, సొలారిస్‌లో ‘డి.ఎల్.పి.ఐ.’, ఐరిక్స్‌లో ‘స్నూప్’. ఒకచోట తిరిగే తాళంచెవి మరొకచోట తిరగదు. అందుచేత ఆ భాగాన్ని ప్రతి రకానికీ విడిగా వ్రాసి, ఆ యంత్రం మీదనే పరీక్షించవలసి ఉంటుంది.

ఫైల్ సిస్టమ్ కూడా ఉన్నచోట ఉండలేదు. 1995లో దాని మూడవ రూపం వెలువడి, కొత్త రకం అభ్యర్థనలు చేరాయి. వాటిని గుర్తించడం నేర్పకపోతే ప్రోగ్రాము ఆగదు, లెక్కే తప్పుతుంది. ఆగిన ప్రోగ్రాము కంటే ఇదే ప్రమాదం. తప్పు లెక్కను నమ్మి అక్కరలేని యంత్రం కొంటారు, అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

తూము మార్చిన నాడే లస్కరుకూ కొత్త కొలత నేర్పాలి. లేకుంటే ఉన్న లస్కరూ లేనట్లే.