అడవి పనికి మొదటి నేపాలీ కత్తి



భివండీలో సాంచాల మీద పనిచేసే మన వాళ్ళు పండుగకు ఊరికి వస్తే సంచిలో తువ్వాళ్ళు, దుప్పట్లు, పిల్లలకు మిఠాయిలు ఉంటాయి. ఎప్పుడైనా ఒకసారి వాటి అడుగున, పాత గుడ్డలో చుట్టి, వంకర తిరిగిన కత్తి కూడా ఒకటి ఉంటుంది. మనం దాన్ని గూర్ఖా కత్తి అంటాం. నేపాలీలు ఖుకురీ అంటారు. కంప కొట్టడానికి, పందిరి గుంజలు నరకడానికి, వంటచెరకు చీల్చడానికి పనికొస్తుందని తెచ్చుకుంటారు. మంచిది దొరికితే అది ఇరవై ఏళ్ళు పనిచేస్తుంది. చెడ్డది దొరికితే మొదటి వారంలోనే పిడి ఊడుతుంది. పిడి చేతిలో ఉండిపోయి, అలుగు ఎగిరి కాలి మీద పడితే? సాంచా నడిపే మనిషికి వేలు తెగినా, పాదం తెగినా ఆ నెల కూలి పోయినట్టే. అందుకే ఈ కత్తి మొదటిసారి కొనేవాళ్ళు ఏం చూసుకోవాలో ఈ రోజు చెప్పుకుందాం.

భివండీకీ నేపాల్ కత్తికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. ఠాణే జిల్లాలోని ఆ ఊరు మరమగ్గాల ఊరు. పాత కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి వెళ్ళిన పద్మశాలీలు అక్కడ తరాలుగా ఉన్నారు. పద్మానగర్‌లో నడుస్తుంటే తెలుగు మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. ఊరి చుట్టూ గోదాములు. ఆ గోదాములకు, కార్ఖానాలకు రాత్రి కాపలా కాసేవాళ్ళలో నేపాలీలు ఉంటారు. 1950లో భారత్, నేపాల్ చేసుకున్న ఒప్పందం వల్ల రెండు దేశాల వాళ్ళూ ఇటూ అటూ వెళ్ళి ఉండవచ్చు, పని చేసుకోవచ్చు. మనం మగ్గం కోసం ఊరు విడిచినట్టే వాళ్ళు కాపలా కోసం ఊరు విడిచారు. మనకు దసరా ఎప్పుడో వాళ్ళకు దశైం అప్పుడే. మనం ఆ రోజుల్లో సాంచాలకు పూజ చేస్తే వాళ్ళు ఖుకురీకి పూజ చేస్తారు. పండుగకు ఇంటికి వెళ్ళే వాచ్‌మన్‌కు చెప్పి తెప్పించుకోవడం మంచి దారి. అతన్ని బహాదూర్ అని కేకేయకుండా "దాయి" అని పిలవండి. వాళ్ళ భాషలో అన్న అని అర్థం. పని తీరు కూడా మారుతుంది.

ముందు మీ పని ఏమిటో తేల్చుకోండి. మేకలకు మండలు కొట్టడం, గట్టు మీద పొదలు తీయడం మాత్రమే మీ పనైతే ఈ కత్తి మీకు అక్కర్లేదు. మన కమ్మరి చేసిన కొడవలి చాలు. భివండీ పక్కన షహాపూర్, వాడా తాలూకాల్లో అడవి పని చేసేవాళ్ళ నడుముకు కోయతా ఉంటుంది. అదైనా చాలు, ధర కూడా తక్కువ. తొడంత లావు మొద్దు కొట్టాలంటే గొడ్డలే దిక్కు. ఈ రెండింటికీ మధ్య ఉన్న పనికి ఖుకురీ. మణికట్టంత కొమ్మలు, సర్కారు తుమ్మ కంప, వెదురు, గుంజల మొన చెక్కడం, వంటచెరకు చీల్చడం, ఇవన్నీ ఒకే పనిముట్టుతో కావాలంటే దీన్ని మించింది తక్కువ.

దానికి కారణం ఆ వంపు. అలుగు మధ్యలో కిందికి వంగి, ముందు భాగం పొట్టలా వెడల్పవుతుంది. బరువంతా ముందుకు ఉంటుంది. చెయ్యి విసిరితే మిగతా పని ఆ బరువే చేస్తుంది. వంపు వల్ల అంచు కొమ్మ మీద నిటారుగా పడకుండా కాస్త జారుతూ పడుతుంది, అందుకే లోతుగా దిగుతుంది. నేపాల్‌లో దీన్ని చేసే కమ్మర్లను కామీలంటారు. తూర్పు నేపాల్‌లోని భోజ్‌పుర్, ధరాన్ ఈ పనికి పేరున్న చోట్లు. మన దేశంలో దేహ్రాదూన్ నుంచి కూడా వస్తాయి. ఉక్కు చాలావరకు పాత లారీల కమాను పట్టీలదే. పాతదని చిన్నచూపు చూడకండి. టన్నుల బరువు మోసి వంగి లేచిన ఉక్కు అది. అలుగును ఎర్రగా కాల్చి, కెటిల్‌తో అంచు పొడవునా నీళ్ళు పోస్తారు. నీళ్ళు పడ్డ అంచు గట్టిపడుతుంది, పడని వెన్ను మెత్తగా ఉంటుంది. గట్టి అంచు నరుకుతుంది, మెత్తని వెన్ను దెబ్బను ఓర్చుకుంటుంది. ఈ తేడా లేని కత్తి కత్తి ఆకారంలో ఉన్న రేకు మాత్రమే.

ఒకసారి ఒరలోంచి తీస్తే రక్తం చూపించకుండా లోపల పెట్టకూడదనే మాట మీరు వినే ఉంటారు. అది కథ. నేపాలీ ఇళ్ళలో దీనితో కూరగాయలూ తరుగుతారు, కట్టెలూ కొడతారు. పిడి దగ్గర అంచులో ఉండే చిన్న గంటు గురించీ ఎన్నో కథలు. ఆవు గిట్ట అనేవారు ఉన్నారు, త్రిశూలం అనేవారూ ఉన్నారు. కొనేవాడికి కావలసింది ఒకటే: ఆ గంటు మూలల్లో వెంట్రుకంత పగులు కూడా ఉండకూడదు. గోటితో తడిమి చూడండి.

ఇక ఎంపిక. మొదటి కత్తికి అలుగు 9 నుంచి 10 అంగుళాలు చాలు. ఒర తీసేసి తూస్తే అర కిలో దగ్గర, మహా అయితే 650 గ్రాములు. వెన్ను మందం వంపు దగ్గర 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గడ్డి ఆకులా సన్నగా, పొడుగ్గా ఉండేదాన్ని సిరుపాతే అంటారు. చూడ్డానికి అందంగా ఉంటుంది, చేతికి తేలిక. కానీ గట్టి కొమ్మలకు మొదటి కత్తిగా అది వద్దు. 15 అంగుళాలవి అసలే వద్దు. అలసిన చేతిలో పొడుగు కత్తి మోకాలి దాకా వస్తుంది. సింహం తల పిడి, ఇత్తడి పూలు, అద్దంలా మెరిసే పూత ఉన్నవి గోడకు వేలాడదీసుకోవడానికి. హిందీలో తేలిగ్గా అడగండి: "కామ్ వాలా చాహియే, సజావట్ వాలా నహీ."

అన్నిటికంటే ముఖ్యం పిడి. నా మాటగా చెబితే, అలుగు చూసే ముందు పిడి చూడండి. అలుగు వెనక తోకలాంటి ఉక్కు పిడిలోకి వెళ్తుంది. కొన్నిటిలో ఆ తోక సన్నగా ఉండి, లాహా అనే లక్కలాంటి జిగురుతో అతికి ఉంటుంది. కొన్నిటిలో పిడి వెడల్పంతా ఉక్కు కనిపిస్తుంది, రెండు పక్కల చెక్కలు పెట్టి మేకులు బిగిస్తారు. ఈ రెండో రకాన్ని పానావాల్ అంటారు. కొట్టుడు పనికి నేను దాన్నే తీసుకోమంటాను. మొదటి రకం చెడ్డదని కాదు, కానీ తోక పిడి చివరిదాకా వచ్చి వెనక బిళ్ళ మీద కనబడాలి. ఆ జిగురు వేడికి మెత్తబడుతుంది కాబట్టి కత్తిని ఎండలో వదిలేయకూడదు, వేడినీళ్ళలో ముంచకూడదు. పిడి పట్టుకుని వెన్నును అరచేత్తో తట్టండి. లోపల టకటకమంటే తిరిగి ఇచ్చేయండి. నాలుగు వేళ్ళూ పిడి మీద పూర్తిగా పట్టాలి. నేపాలీ పిడులు చాలాసార్లు పొట్టిగా ఉంటాయి. చిటికెన వేలు బయట ఉండిపోతే ఆ కత్తి మీది కాదు. పిడికి రోజ్‌వుడ్ అయినా మంచిదే, బర్రె కొమ్ము అయినా మంచిదే. కాకపోతే కొమ్ము చెమటకు జారుతుంది, ఎండకు పగులుతుంది. నిజామాబాద్, ఆదిలాబాద్ ఎండలకు చెక్కే నయం.

గట్టిదనం తెలుసుకోవడానికి భివండీలో ఉన్నవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. మగ్గాలు బాగుచేసే జాబర్ దగ్గర ఆకురాయి ఉంటుంది. ఒకసారి అడిగి తీసుకోండి. పొట్ట భాగం అంచు మీద ఆకురాయిని మెల్లగా నడిపితే అది జారిపోవాలి. వెన్ను మీద నడిపితే కొద్దిగా కొరకాలి. రెండు చోట్లా కొరికితే అలుగు మెత్తది. రెండు చోట్లా జారితే అలుగంతా పెళుసు, చలికాలంలో ఎండు ముడి మీద కొడితే విరుగుతుంది. తర్వాత కత్తిని కంటి ముందు పెట్టి, దారం చూసినట్టు వెన్ను వెంబడి చూడండి. నేత పనివాళ్ళ కంటికి వంకర దాగదు.

ఇంటికి తెచ్చాక మొదట పచ్చి వేప కొమ్మ మీద ఓ యాభై దెబ్బలు వేసి అంచు చూడండి. అంచు కాస్త మడిచినట్టు ఉంటే కంగారు పడకండి, రాయి మీద సరిచేయవచ్చు. ముక్కలుగా రాలితే ఆ కత్తితో గట్టి పని చేయకండి. పదునుకు సైకిల్ సాన మీద పెట్టనివ్వకండి. నిప్పురవ్వలు లేచి అంచు నీలంగా మారిందంటే కామీ పోసిన నీళ్ళ ఫలితమంతా పోయినట్టే. నూనె రాసిన రాయితో, వంపు వెంబడి, ఓపిగ్గా మీరే రుద్దుకోండి.

కత్తితో ఉండే ఒర రెండు చెక్కలను తోలుతో చుట్టి చేసింది. తీసేటప్పుడు ఒరను వెన్ను వైపునుంచి పట్టుకోవాలి. పిడికిలి మొత్తం చుట్టి పట్టుకుంటే అంచు తోలును కోసి వేళ్ళ దాకా వస్తుంది. కొత్తవాళ్ళ గాయాలు కొమ్మ దగ్గర కంటే ఇక్కడే ఎక్కువ. ఒరలో ఇంకో రెండు చిన్నవి ఉంటాయి. పదునుగా ఉన్నది కర్దా, చిన్న పనులకు. మొద్దుగా ఉన్నది చక్మక్, అంచు సవరించడానికి.

ప్రయాణం సంగతి కూడా చెప్పుకోవాలి. 1959 ఆయుధాల చట్టం కింది నియమాల్లో, 9 అంగుళాలకు మించి పొడవు లేదా 2 అంగుళాలకు మించి వెడల్పు ఉన్న కత్తులను ఆయుధాల కింద చేర్చారు. అందులో ఖుకురీ పేరు ప్రత్యేకంగా ఉంది. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసిన వాటికి మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ రాత్రి పూట నాకాలో నిలబెట్టినప్పుడు ఆ వాదన ఎవరు వింటారు? పైగా భివండీ 1970లో, 1984లో పెద్ద అల్లర్లు చూసిన ఊరు. మహారాష్ట్ర పోలీసు చట్టం 37వ సెక్షన్ కింద ఆయుధాలు పట్టుకు తిరగరాదని పండుగల ముందు, ఎన్నికల ముందు ఉత్తర్వులు వస్తుంటాయి. కాబట్టి కత్తిని నడుముకు కట్టుకుని బజారులో తిరగకండి, ఎవరికీ తీసి చూపించకండి. కొన్న రశీదు దగ్గర పెట్టుకోండి. ప్రయాణానికి ముందే బస్సు వాళ్ళను అడగండి. కల్యాణ్‌లో దేవగిరి ఎక్కేవాళ్ళయితే స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి. ఒప్పుకుంటే ఒరలో పెట్టి, అట్టపెట్టెలో తాళ్ళతో బిగించి, సామాను అడుగున ఉంచండి.

ఊరికి వచ్చాక కత్తి ఉంది కదా అని అడవిలోకి వెళ్ళకండి. రిజర్వు ఫారెస్టులో పచ్చి చెట్టు కొడితే 1967 అటవీ చట్టం కింద కేసు అవుతుంది. సొంత పట్టా భూమిలోని టేకుకైనా అనుమతి కావాలి. గట్టు మీద సర్కారు తుమ్మ కంపతో మొదలుపెట్టండి.

కొట్టేటప్పుడు కొమ్మకు నిటారుగా కాకుండా ఏటవాలుగా, కత్తి బరువుతోనే కొట్టండి. ఇరుక్కుంటే మెలితిప్పి లాగకండి, వెనక్కి ముందుకు ఆడించి తీయండి. ఎడమ చెయ్యి దెబ్బకు మూరెడు దూరంలో ఉండాలి. పని అయ్యాక జిగురు తుడిచి, ఆవనూనె గానీ కుట్టుమిషన్ నూనె గానీ పలుచగా రాయండి. వానాకాలం నాలుగు నెలలూ కత్తిని తోలు ఒరలో ఉంచకండి, తోలు తేమ పట్టి ఉక్కుకు తుప్పు అంటిస్తుంది. గుడ్డలో చుట్టి, పిల్లలకు అందని అటక మీద పెట్టండి.