రబ్బరు పడవలో గాలి ఎక్కడ పోతోంది?

గోదావరి లంక గ్రామాల సంఘాల్లో వరద రోజులకని రబ్బరు పడవ ఉంచుకున్నవారు దానిని తొలకరికి ముందే విప్పి చూడాలి. భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. అటువంటి నీరు దిగువకు వస్తున్నప్పుడు చిల్లు వెతికే తీరిక ఉండదు. 40 లీటర్ల క్యానులో పాల బరువే 41 కిలోలు. నాలుగు క్యానులు, ఇద్దరు మనుషులు ఎక్కిన పడవ నడి ఏటిలో మెత్తబడితే పాల లెక్క తర్వాత, ప్రాణాల లెక్క ముందు.

తెల్లవారి పడవ మెత్తగా కనిపించినంత మాత్రాన చిల్లు పడిందనుకోరాదు. ఎండలో నింపిన గాలి రాత్రి చల్లబడి కుంచించుకుంటుంది. అందుచేత ఉదయం చల్లని వేళ నీడలో నింపి, మరునాడు అదే వేళకు చూడాలి. కాలి పంపు చాలు. లారీ టైర్ల కంప్రెసర్ తగిలిస్తే అతుకులు విడిపోతాయి.

మొదట వాల్వు చూడండి. ఇసుక రేణువు ఇరుక్కున్నా గాలి పోతుంది. శుభ్రం చేసి మూత బిగిస్తే సరి. ఆ తర్వాత సబ్బునీళ్ళు. ఒంటి సబ్బు కరిగించిన నీరు చాలును, క్యానులు కడిగే సోడా నీరు వద్దు. స్పాంజితో రాసి, ఒక్కొక్క చోట కాసేపు ఆగాలి. పెద్ద చిల్లు బుడగలతో వెంటనే తెలుస్తుంది. సన్న చిల్లు వద్ద తెల్లని నురుగు మెల్లగా పేరుకుంటుంది. అతుకులు, తాడు రింగుల మొదళ్ళు, క్యాను అంచులు ఒరుసుకునే లోపలి వైపు, మడతలు తప్పక చూడాలి. పడవను మడిచి దాణా బస్తాల పక్కన పెట్టే అలవాటు మేము చాలా చోట్ల చూశాము. దాణాకు వచ్చిన ఎలుక పడవను వదలదు. చిల్లు దొరికిన చోట బాల్‌పెన్నుతో గుర్తు పెట్టండి, సుద్ద గుర్తు తడికి పోతుంది.

ఎంత రాసినా బుడగ లేకపోతే లోపలి గోడను అనుమానించాలి. పడవ గొట్టంలో వేరువేరు అరలుంటాయి. ఒక అరను సగానికి పైగా నింపి పక్క అరను ఖాళీగా వదలండి. పక్కది కూడా ఉబ్బితే మధ్య గోడ చెడినట్లే. అప్పుడు బయట ఒక్క చిల్లు పడినా రెండు అరలూ దిగిపోతాయి. ఇది సంఘంలో బాగయ్యే పని కాదు. తెలిసినవారు బాగుచేసేవరకు ఆ పడవను నీటిలో దించరాదు.

ప్యాచీ వేసే ముందు గాలి తీసి, సబ్బు పోయేలా కడిగి ఆరబెట్టాలి. సైకిలు ట్యూబుకు వాడే సొల్యూషన్ పి.వి.సి. పడవకు పట్టదు, ఏ గుడ్డకు ఆ జిగురే వాడాలి. 24 గంటలు ఆరిన తర్వాత గాలి నింపి, అదే చోట మళ్ళీ సబ్బునీళ్ళు రాసి చూసుకోవాలి.