పర్యావరణం చదవాలంటే ఏ గుమ్మంలోంచి వెళ్ళాలి?

ఢిల్లీలో ధౌలా కువాఁ దగ్గర శ్రీ వెంకటేశ్వర కళాశాల ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్, డాక్టర్ కె.ఎల్. రావు వంటి పెద్దలు పూనుకోగా తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన కళాశాల ఇది. దగ్గరలోని మెట్రో స్టేషనుకు దుర్గాబాయి పేరే పెట్టారు. ఏటా కొందరు తెలుగు విద్యార్థులు ఈ కళాశాలలోనూ, ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఇతర కళాశాలల్లోనూ చేరుతుంటారు. వారిలో పక్షులన్నా, అడవులన్నా, నదులన్నా ఇష్టపడేవారికి మొదటి వారంలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. "నేను చదవాలనుకున్నది పర్యావరణం. పట్టికలో చూస్తే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం అని ఉన్నాయి. మరి నా సబ్జెక్టు ఏది?"

ప్రశ్న సబబైనదే. జవాబు చెప్పే ముందు కళాశాల గేటు బయటికి వచ్చి నవంబరు నెల ఆకాశం వైపు ఒకసారి చూద్దాం.

ఢిల్లీ పొగమంచు ఎవరి పాఠం?

శీతాకాలపు రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. దానిని ఆనుకొని ఉన్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. పైన కొంచెం వెచ్చని గాలి పొర మిగులుతుంది. కింది గాలి పైకి లేవలేదు. కుండ మీద మూత పెట్టినట్లన్నమాట. దీనిని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. వేసవి మధ్యాహ్నం పొగ 1500 మీటర్ల ఎత్తు దాకా కలిసిపోతుందని, చలికాలంలో ఆ ఎత్తు 300 మీటర్లకు దిగిందని ఊహించండి. నగరంలో ఒక్క బండి కూడా పెరగకపోయినా, గాలి వీచకుండా ఉంటే, మనం పీల్చే పొగ అయిదు రెట్లవుతుంది. ఇది భౌతికశాస్త్రం.

ఆ పొగలో ఏముంది? 2.5 మైక్రాన్లకు మించని సూక్ష్మ కణాలు మన తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. వీటిలో కొన్ని ఏ గొట్టం నుంచీ రావు. బొగ్గు, పెట్రోలు మండగా వెలువడిన గంధకపు, నత్రజని ఆక్సైడులు పొలాల ఎరువుల నుంచీ పశువుల పేడ నుంచీ వచ్చే అమోనియాతో కలిసి గాలిలోనే కణాలుగా మారతాయి. ఇది రసాయనశాస్త్రం. మన దేశంలో ఈ కణాలకు నిర్ణయించిన వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5 మాత్రమే. ఈ రెండు అంకెల మధ్య తేడాకు కారణాలు వెతికేవారికి వైద్యం, అర్థశాస్త్రం రెండూ కావాలి.

ఇంకొక మెలిక చూడండి. పంజాబ్, హర్యానాల్లో భూగర్భజలం అడుగంటుతోందని 2009లో ఆ రెండు రాష్ట్రాలూ చట్టాలు చేశాయి. వేసవి మండుతుండగా వరి నాట్లు వేయకూడదన్నాయి. నీటికి అది మేలే. కాని నాట్లు వెనక్కి జరిగితే కోతలూ వెనక్కి జరుగుతాయి. గోధుమ విత్తడానికి వ్యవధి తగ్గిపోయి రైతు గడ్డికి నిప్పు పెట్టే రోజులు అక్టోబరు చివరికి, నవంబరుకి చేరాయి. సరిగ్గా గాలికి మూత పడే రోజులవి! నీటి కోసం చేసిన చట్టం గాలి మీద ప్రభావం చూపిందని గుర్తించాలంటే పంటల క్యాలెండరూ, భూగర్భజలమూ, ఉపగ్రహ చిత్రాలలోని మంటల చుక్కలూ, న్యాయశాస్త్రమూ ఒకరి చేతిలో కాకపోయినా ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి.

కనుక పర్యావరణం అనేది ఒక సబ్జెక్టు కాదు, ఒక ప్రశ్నల మూట. ఆ బల్ల దగ్గరికి అందరూ ఏదో ఒక శాస్త్రం గట్టిగా నేర్చుకొనే వస్తారు. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో 1974 నుంచి ఉన్న పర్యావరణ శాస్త్రాల విభాగమే దీనికి మంచి ఉదాహరణ. అక్కడ భూవిజ్ఞానం, భౌతికశాస్త్రం, రసాయనం, జీవశాస్త్రం చదివినవారు ఒకే కప్పు కింద పనిచేస్తారు.

పేరు చూసి మోసపోకండి

డిగ్రీ మీద "పర్యావరణం" అన్న మాట ఉంటే ఆ రంగంలో అన్ని తలుపులూ తెరుచుకుంటాయని చాలామంది అనుకుంటారు. భారత అటవీ సర్వీసునే తీసుకోండి. ఆ పరీక్ష రాయాలంటే డిగ్రీలో పశుపాలన-పశువైద్యం, వృక్షశాస్త్రం, రసాయనం, భూగర్భశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం, జంతుశాస్త్రం వీటిలో ఒక్కటైనా ఉండాలి. లేదా వ్యవసాయం, అటవీశాస్త్రం, ఇంజనీరింగుల్లో పట్టా ఉండాలి. జాబితాలో పర్యావరణ శాస్త్రం పేరు లేదు. భూగోళశాస్త్రం కూడా లేదు. అడవి మీద ప్రేమతో ఆ పేరున్న కోర్సులో చేరి, మూడేళ్ళ తర్వాత దరఖాస్తు నింపేటప్పుడు ఈ సంగతి తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. జాబితాలోని సబ్జెక్టు ఒకటి జతచేసి చదివితే ఇబ్బంది ఉండదు, కాని ఆ పని మొదట్లోనే జరగాలి. అడవుల మీదే గురి ఉన్నవారికి 2016లో ప్రారంభమై, ఇప్పుడు సిద్దిపేట జిల్లా ములుగులో ఉన్న అటవీ కళాశాల నేరు దారి.

మరి డిగ్రీలో అందరూ చదివే పర్యావరణం పేపరు సంగతి? అది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యం ఫలితం. 1991లో సుప్రీంకోర్టు ఈ పాఠాన్ని తప్పనిసరి చేయమంది. 2003లో మళ్ళీ గట్టిగా చెప్పాక యు.జి.సి. డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల కోర్సు రూపొందించింది. వాణిజ్యం చదివేవారికీ, సాహిత్యం చదివేవారికీ అది మంచి పరిచయం. దానినే పునాది అనుకుంటే మాత్రం ఇల్లు నిలవదు.

క్రెడిట్ల లెక్క

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 2022 నుంచి నాలుగేళ్ళ ప్రణాళిక అమలులో ఉంది. సెమిస్టరుకు 22 క్రెడిట్లు. మొదటి సెమిస్టరులో మీ ఆనర్సు సబ్జెక్టు పేపర్లు మూడు, ఒక్కొక్కటి 4 క్రెడిట్లు. వేరే శాఖ నుంచి ఎంచుకునే జెనరిక్ ఎలక్టివ్ ఒకటి, 4 క్రెడిట్లు. మిగిలినవి రెండేసి క్రెడిట్ల చిన్న పేపర్లు మూడు. పైన చెప్పిన పర్యావరణం పాఠం మొదటి రెండేళ్ళలో ఈ చిన్న పేపర్లలోనే వస్తుంది.

మనం చూడవలసింది ఆ నాలుగు క్రెడిట్ల ఎలక్టివ్‌ని. చాలామంది దానిని "సులువుగా మార్కులొచ్చేది ఏది?" అని సీనియర్లను అడిగి తీసుకుంటారు. నిజానికి ఇంకో శాఖ రుచి చూడటానికి మీకున్న అవకాశం అదే. ఒకే శాఖలో ఇలాంటివి ఏడు పూర్తిచేస్తే, అంటే 28 క్రెడిట్లు సంపాదిస్తే, నాలుగేళ్ళ చివర దానిని మీ రెండో సబ్జెక్టుగా, మైనరుగా గుర్తిస్తారు. మొదటి మూడేళ్ళలో సెమిస్టరుకు ఒకటి చొప్పున 6 దాకా, నాలుగో ఏడాది సెమిస్టరుకు రెండు చొప్పున 4 దాకా తీసుకోవచ్చు. మొత్తం 10. కావలసినవి 7. అంటే మూడు పేపర్లు అటూ ఇటూ తిరిగి చూసి, నచ్చక వెనక్కి వచ్చినా నష్టం లేదు! మొదటి ఏడాది భూగోళశాస్త్రం ఒకటి, గణాంకశాస్త్రం ఒకటి చూడవచ్చు. మూడో సెమిస్టరు నాటికి ఏదో ఒకటి పట్టుకుంటే చాలు. మూడేళ్ళకే పట్టా తీసుకుని వెళ్ళదలచినవారికి మాత్రం ఇంత వెసులుబాటు ఉండదు.

బైపీసీ వారికి ఒక మాట

మన ఇంటర్మీడియట్‌లో బైపీసీ తీసుకున్నవారిలో ఎక్కువమంది పదో తరగతితోనే లెక్కలకు నమస్కారం పెడతారు. ప్రకృతి అంటే ఇష్టపడేవారు ఎక్కువగా వీరిలోనే ఉండటం ఒక చిత్రం. జీవావరణ శాస్త్రం ఈనాడు సగం లెక్కల శాస్త్రం. మా ఎం.ఎస్సీ. రోజుల్లో గణాంకాల పేపరును గట్టెక్కితే చాలనుకొనేవాళ్ళం. తర్వాత పరిశోధన వ్యాసాలు అనువదించేటప్పుడు దాని బాకీ వడ్డీతో సహా తీర్చవలసి వచ్చింది.

ఎందుకు కావాలో ఒక ఉదాహరణ. ఢిల్లీ మధ్యగా సాగే ఆరావళీ కొండల చివరి భాగాన్ని రిడ్జ్ అంటారు. అక్కడ ఎటు చూసినా విలాయతీ కీకర్. ఇది మనకు తెలిసిన సర్కారు తుమ్మే. అమెరికా ఖండాలకు చెందిన ఈ మొక్కను బ్రిటిషువారి కాలంలో తెచ్చి నాటారు. దాని కింద వేరే మొక్కలు సరిగా పెరగవంటారు. నిజమేనా? అధ్యాపకుల ద్వారా అనుమతి తీసుకొని, మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం ఒకటి పట్టుకెళ్ళండి. తుమ్మ కింద 10 చోట్ల, తుమ్మ లేని 10 చోట్ల పరచి ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టండి. ఒకవైపు సగటున 4, ఇంకోవైపు 6 వచ్చాయనుకోండి. ఆ తేడా తుమ్మ వల్ల వచ్చిందా, కాకతాళీయమా? ఇది తేల్చడానికి మొక్కల పేర్లు తెలిస్తే చాలదు, గణాంకశాస్త్రం తెలియాలి. మొక్కల పేర్లు తెలియకపోతే అసలు లెక్కే మొదలు కాదు. రెండూ మొదటి ఏడాదిలో మొదలుపెట్టదగినవే.

తుమ్మ తొలగించి పాత అడవిని తిరిగి పెంచితే ఎలా ఉంటుందో చూడాలంటే వసంత్ విహార్ దగ్గరి ఆరావళీ జీవవైవిధ్య వనానికి వెళ్ళండి. నది ఒడ్డు భూమి ఎలా ఉండేదో వజీరాబాద్ ఎగువన ఉన్న యమునా జీవవైవిధ్య వనం చూపిస్తుంది. ఈ రెండింటి వెనుకా ఢిల్లీ విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్తల కృషి ఉంది. చలికాలంలో వలస పక్షులు వచ్చే వేళ యమున ఒడ్డుకు ఒక ఉదయం కేటాయించండి.

ఎలక్టివ్ ఫారం నింపే ముందు ఇంకొక పని ఉంది. ప్రతి పేపరు వివరాల పక్కన ఇంటర్‌లో ఏం చదివి ఉండాలో రాసి ఉంటుంది. బైపీసీ వారు గణితం, గణాంకశాస్త్రం పేపర్ల దగ్గర దీనిని తప్పక చదవాలి. అన్ని పేపర్లూ అన్ని కళాశాలల్లో చెప్పరు. మైనరు కోసం మీరు అనుకున్న శాఖలో ఏడు పేపర్లూ మీ కళాశాలలో దొరుకుతాయో లేదో మొదటి వారంలోనే ఆఫీసులో అడిగి తెలుసుకోండి.