ప్రెషర్ ట్యాంకు కొంటున్నారా? ముందు మోటారు లెక్క చూడండి

తోటలో ఇల్లు కట్టుకున్నవారు, ఇంటికి సొంత బోరు ఉన్నవారు కొందరు మిద్దె మీది ట్యాంకుకు బదులు ప్రెషర్ ట్యాంకు పెట్టించుకుంటున్నారు. కుళాయి తిప్పగానే నీళ్లు జోరుగా వస్తాయి. మిద్దెక్కి ట్యాంకు కడిగే పనీ తప్పుతుంది. చిక్కంతా సైజు దగ్గరే. షాపులో తేలిగ్గా దొరికే 24 లీటర్ల ట్యాంకు తెచ్చి బోరు మోటారుకు తగిలిస్తే మోటారు త్వరగా దెబ్బతింటుంది. పైపులు పీకించి, వైండింగు చేయించి, మళ్లీ దింపించే ఖర్చు ముందు ట్యాంకు మీద మిగిల్చింది ఏపాటి?

ట్యాంకులో రబ్బరు సంచి ఉంటుంది. సంచిలో నీళ్లు, దాని చుట్టూ గాలి. మోటారు నీళ్లు తోసేకొద్దీ గాలి నొక్కుకుపోతుంది. ఒత్తిడి 40 పౌండ్లకు చేరగానే ప్రెషర్ స్విచ్ మోటారును ఆపుతుంది. కుళాయి తిప్పితే ఆ గాలే నీళ్లను నెడుతుంది. 20 పౌండ్లకు పడిపోతే మోటారు మళ్లీ ఆన్ అవుతుంది. ఈ రెంటి మధ్య ట్యాంకు ఇచ్చే నీళ్లు దాని సైజులో సుమారు మూడో వంతే. అంటే 24 లీటర్ల ట్యాంకు ఇచ్చేది 8 లీటర్లు!

మీ మోటారు ఎంత పోస్తుందో మీరే కొలుచుకోవచ్చు. 20 లీటర్ల క్యాను 40 సెకన్లలో నిండితే నిమిషానికి 30 లీటర్లన్నమాట. ఒక హెచ్‌.పి. లోపు మోటారు ఆన్ అయిందంటే కనీసం ఒక నిమిషమైనా ఆడాలి, అంతకన్నా పెద్దదైతే రెండు నిమిషాలు. కాబట్టి ఈ మోటారుకు 30 లీటర్లు పట్టి ఇచ్చే ట్యాంకు కావాలి. అంటే 100 లీటర్లది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున పశువుల తొట్టి నింపుతున్నారనుకోండి. 24 లీటర్ల ట్యాంకుతో మోటారు గంటకు 50 సార్లు స్టార్టవుతుంది, 100 లీటర్లదానితో 12 సార్లే. స్టార్టయిన ప్రతిసారీ వైండింగు మీద, కెపాసిటరు మీద భారం పడుతుంది. పెద్దది దొరక్కపోతే రెండు 50 లీటర్లవి పక్కపక్కన కలిపినా సరిపోతుంది. పొలానికి నీరు పెట్టే 5 హెచ్‌.పి. మోటారుకు మాత్రం ఇలాంటి ట్యాంకు నేరుగా తగిలించే ఆలోచనే వద్దు.

కరెంటు పోతే 100 లీటర్ల ట్యాంకులో మీకు దక్కేది మహా అయితే 34 లీటర్లు. కోతలు ఎక్కువున్నచోట మిద్దె మీది ట్యాంకే నయం. బోరులో నీరు తక్కువైతే ముందు తొట్టిలోకి తోడి, అక్కడినుంచి చిన్న మోటారుతో ప్రెషర్ ట్యాంకుకు ఎక్కించండి. వట్టి బోరులో మోటారు ఆడి కాలిపోయే ప్రమాదం తగ్గుతుంది.

బిగించే ముందు గాలి చూడాలి. మోటారు ఆన్ అయ్యే ఒత్తిడికన్నా 2 పౌండ్లు తక్కువ, అంటే ఇక్కడ 18 ఉండాలి. సైకిలు పంపుతోనైనా కొట్టుకోవచ్చు. తర్వాత ఆరు నెలలకోసారి మోటారు ఆపి, కుళాయి తిప్పి నీళ్లన్నీ వదిలేశాకే గాలి కొలవాలి. నీళ్లుండగా కొలిస్తే లెక్క తప్పుతుంది. గాలి వాల్వు పిన్ను నొక్కినప్పుడు నీళ్లు చిమ్మితే సంచి చిరిగినట్టే. అది మార్పించేదాకా ఆ ట్యాంకుతో మోటారు నడపకండి.