ఈ తేనె ఏ పువ్వుది?

విజయవాడలో డ్వాక్రా బజారు పెట్టనివ్వండి, ప్రకృతి వ్యవసాయ మేళా పెట్టనివ్వండి, తేనె దుకాణం దగ్గర వినిపించే ప్రశ్న ఒక్కటే: "ఇది అచ్చమైనదేనా?" అడిగినవాళ్లు జవాబు కోసం ఆగరు. సీసా ఎత్తి వెలుగులో చూస్తారు, తలకిందులు చేసి చిక్కదనం చూస్తారు, అడుగున తెల్లగా పేరుకుని కనిపిస్తే కింద పెట్టేస్తారు. "అది పంచదార కాదమ్మా, తేనే అలా గడ్డకడుతుంది" అని పెంపకందారు చెబుతూనే ఉంటాడు. వినేవాళ్లు తక్కువ. ఆ పక్కనే, ఏడాదంతా ఒకే రంగులో, ఒకే చిక్కదనంతో ఉండే కంపెనీ సీసాను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. అడగాల్సింది నిజానికి దాన్నే.

మన ఇళ్లలో తేనె పరీక్షలకు లోటు లేదు. నీళ్లలో వేస్తే అడుక్కి దిగాలంటారు. గోరు మీద చుక్క జారకూడదంటారు. తేనెలో ముంచిన వత్తి వెలగాలంటారు. చీమలు పట్టకూడదంటారు. ఇవేవీ కల్తీని పట్టివ్వలేవు. ముదురు పంచదార పాకం కూడా నీళ్లలో అడుక్కే దిగుతుంది, గోరు మీద కదలకుండానే కూర్చుంటుంది. వత్తి వెలిగితే తేమ తక్కువని మాత్రమే అర్థం. చీమలంటారా, అచ్చమైన తేనెకూ పడతాయి.

గడ్డకట్టడం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే నిజాయితీగా తేనె అమ్మేవాళ్లను ఎక్కువగా దెబ్బతీస్తున్నది ఈ అపోహే. పువ్వులో దొరికే మకరందం చాలావరకు నీరే. తేనెటీగ దాన్ని పొట్టలోని సంచిలో నింపుకుని తెస్తుంది. గూట్లోని ఈగలు ఆ మకరందాన్ని ఒకదాని నోటి నుంచి ఒకటి అందుకుంటూ తమ ఎంజైములు కలుపుతాయి. దాంతో అందులోని చక్కెర గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోతుంది. తర్వాత దాన్ని మైనపు గదుల్లో పోసి, రాత్రింబవళ్లు రెక్కలతో విసిరి నీటిని ఆరబెడతాయి. తేమ ఇరవై శాతం లోపుకు దిగాక గది మీద మైనపు మూత వేస్తాయి. అప్పటికి అందులో చక్కెరలు నీరు పట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ ఉంటాయి. వాటిలో గ్లూకోజు తొందరగా స్ఫటికాలు కడుతుంది. గ్లూకోజు పాలు ఎక్కువగా ఉండే పొద్దుతిరుగుడు తేనె కొద్ది వారాల్లోనే నెయ్యిలా పేరుకుంటుంది, చలికాలంలో ఇంకా తొందరగా. గోరువెచ్చటి నీళ్లలో సీసాను కాసేపు ఉంచితే మళ్లీ కరుగుతుంది. పొయ్యి మీద మాత్రం పెట్టకూడదు.

ఇక పలచదనం. కృష్ణా డెల్టా గాలిలో తేమ ఎక్కువ, వానాకాలంలో మరీను. అలాంటి రోజుల్లో ఈగలు ఎంత విసిరినా తేనె ఆరడం కష్టం. అనుభవమున్న పెంపకందారు ఈగల పెట్టెలోంచి మూత పడిన చట్రాలనే పైకి తీస్తాడు. వేడినీళ్లలో ముంచిన కత్తితో ఆ మైనపు మూతలను చెక్కేసి, చట్రాన్ని డ్రమ్ములో నిలబెట్టి పిడి తిప్పితే తేనె డ్రమ్ము గోడలకు చిమ్ముకుని కిందికి కారుతుంది. తేనెపట్టు చెక్కుచెదరదు. ఖాళీ చట్రాన్ని మళ్లీ ఈగలకే ఇచ్చేస్తాడు. తొందరపడి మూత పడని చట్రాలు తీస్తే తేనె నీళ్లగా ఉంటుంది, నాలుగు రోజులకు నురగ కట్టి పులుస్తుంది. ఆహార భద్రత ప్రమాణాల సంస్థ తేమను సాధారణంగా 20 శాతం దాటనివ్వదు. ఎక్కువైన తేమను తగ్గించడానికి బాగా కాచేవాళ్లూ ఉన్నారు. కాచిన కొద్దీ ఎంజైములు చచ్చిపోతాయి, సువాసన పోతుంది, హెచ్‌ఎమ్‌ఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. కిలోకు 80 మిల్లీగ్రాముల లోపే ఉండాలని దానికీ ఒక హద్దు పెట్టారు. కాబట్టి చిక్కగా ఉన్నదంతా మంచిదీ కాదు, కాస్త పలచగా ఉన్నదంతా కల్తీదీ కాదు.

డెల్టాలో తేనెటీగలు పెంచడమంటే ఒక చిత్రమైన చిక్కు ఉంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలువలు పారినప్పటి నుంచీ ఈ నేల అంటే వరి. కంటికి ఎంత పచ్చగా ఉన్నా, వరి పువ్వులో మకరందం ఉండదు. దాని పరాగ సంపర్కానికి ఈగ అవసరమూ లేదు. వరి సముద్రం మధ్యలో పెట్టె పెడితే ఈగలకు పస్తే. వాటిని బతికించేవి గట్ల మీది కొబ్బరిచెట్లు, లంకల్లోని అరటి గెలలు, కాలువ గట్ల కానుగలు, ఊరి చివర చింతలు, నేరేళ్లు, ఉగాది పచ్చడి కోసం మనం దూసుకొచ్చే వేపపువ్వు. ఇవి ఒక్కొక్కటి ఒక్కో నెలలో పూస్తాయి, ఒక్కో రంగు, ఒక్కో రుచి ఇస్తాయి. పూత అయిపోతే పెంపకందారులు చీకటి పడ్డాక, ఈగలన్నీ గూటికి చేరాక, పెట్టెలు లారీకెక్కించి ఇంకో పూత వెతుక్కుంటూ పోతారు. రాయలసీమ పొద్దుతిరుగుడు చేలకు వెళ్లేవాళ్లున్నారు. అందుకే ఒకే మనిషి సంక్రాంతికి అమ్మిన తేనె, ఎండాకాలంలో అమ్మిన తేనె ఒకేలా ఉండవు. నన్నడిగితే, స్థానిక తేనెకు నమ్మదగిన గుర్తు ఈ మార్పే.

ఇలా ఊళ్లు తిరిగే పెట్టెల్లో ఎక్కువగా ఉండేది ఐరోపా జాతి ఈగ. 1962లో కాంగ్రా లోయలోని నగ్రోటాలో అది మన దేశంలో నిలదొక్కుకుంది. పుట్టల్లో, చెట్టుతొర్రల్లో కాపురముండే మన నాటు ఈగను 1990ల తొలినాళ్లలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదంతటా తుడిచిపెట్టినంత పని చేసింది. క్రమంగా ఆ ఈగ కోలుకుంది. దాని తేనె తక్కువ దిగుబడి, తరచూ పలచన. అపార్టుమెంట్ల సన్‌షేడ్ల కింద పెద్ద పట్టు పెట్టేది వేరే జాతి, కొండ తేనెటీగ. అది పెట్టెలో ఇమడదు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి మన్యంలో సేకరించి అమ్ముతున్న అడవి తేనెకూ, మేళాలో పెట్టెల రైతు అమ్మే తేనెకూ తేడా ఇక్కడే మొదలవుతుంది.

బకెట్లో పట్టు ముక్కలు తేలేసి, కళ్లముందే పిండి ఇస్తామంటూ వీధుల్లో తిరిగేవాళ్లను చాలామంది మేళా దుకాణం కన్నా ఎక్కువగా నమ్ముతారు. పట్టు నిజమైనదే కావచ్చు, దాని కింద ఉన్నది బెల్లం పాకం కావడానికి అడ్డేమీ లేదు. నిజంగా తేనే అయినా, పట్టును పిండితే గుడ్లు, పిల్ల పురుగుల రసం కూడా అందులో కలిసి తొందరగా పాడవుతుంది.

అసలు పెద్ద కల్తీ కంటికి దొరికేది కాదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయిస్తే, ఎన్‌ఎమ్‌ఆర్ అనే ప్రయోగశాల పరీక్షలో 3 బ్రాండ్లే నెగ్గాయి. మామూలు పరీక్షలకు చిక్కకుండా తయారుచేసిన పాకాలు కలుపుతున్నారన్నది ఆ సంస్థ ఆరోపణ. కంపెనీలు ఆ ఫలితాలను ఒప్పుకోలేదు. ఏమైనా, ఇంత ఖరీదైన పరీక్ష చేస్తే తప్ప తేలని విషయాన్ని గోటి మీద చుక్కతో తేల్చలేమన్నది స్పష్టం.

కాబట్టి దుకాణంలో అడగాల్సిన ప్రశ్నలు వేరు. పెట్టెలు ఏ ఊళ్లో ఉన్నాయి? ఏ పూతకు వచ్చింది? ఏ నెలలో తీశారు? మూత పడ్డాకే తీశారా, తేమ ఎంత చూశారు? సొంతంగా పెంచేవాడు వీటికి తడుముకోడు. తేమ కొలిచే చిన్న పరికరం ఉంటే చుక్క వేసి అక్కడే చూపిస్తాడు. ఆయనకు ఓపిక ఉంటే, మీకు తీరిక ఉంటే గాజు పెట్టెలోని చట్రంలో రాణీగ ఎక్కడుందో కూడా చూపిస్తాడు, పిల్లలు అక్కణ్ణుంచి ఓ పట్టాన కదలరు. ఇంకొకటి, ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించే అలవాటు మానాలి. తేనెలో ఉండగల ఒక బాక్టీరియా బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి ప్రాణాంతకమైన బొట్యులిజం తెస్తాయి. అచ్చమైన తేనెతోనూ ఆ ప్రమాదం ఉంది. కొన్ని దుకాణాలవాళ్లే ఈ మాట ముందుగా చెబుతారు, వాళ్లను నమ్మవచ్చు.

పెంపకందారులు మేళాకు వచ్చేది అమ్మకం కోసమే కాదు, రైతుతో మాట్లాడటానికి కూడా. దోస, కాకర, గుమ్మడి పాదులకు ఈగ వాలకపోతే పిందె నిలవదు. అయినా నూజివీడు వైపు మామిడి పూత మీద తేనెమంచు పురుగుకని పట్టపగలు మందు కొడితే, పురుగుతో పాటు పూల మీది ఈగలూ రాలిపోతాయి. పూత సమయంలో మందు మానాలని, తప్పదనుకుంటే ఈగలు గూటికి చేరిన సాయంత్రం వేళ కొట్టాలని, కొట్టే ముందు రోజు ఒక ఫోన్ చేస్తే పెట్టెలు జరుపుకుంటామని వాళ్లు అడుగుతున్నారు. అంతకన్నా ఎక్కువేమీ అడగడం లేదు.